గురువు, గురువు, లఘువు, గురువు

థండర్ బే ఊళ్లో నవంబరు.
సుపీరియర్ సరస్సు ఒడ్డున ధాన్యం గాదెలు
పొగమంచులో నడుము దాకా మునిగున్నాయి.
రెయో కంగస్, ఇరవై ఆరేళ్లు గూడ్సు బండి నడిపినవాడు,
ఆసుపత్రి మూడో అంతస్తులో
చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు.
"గుండె వేగం కాస్త పెరగొచ్చు" అంది నర్సు ఒడెట్.
"పెరగడానికి ఇంకా చోటుందా?"
ఆ గదిలో అతను వేసిన హాస్యం అదొక్కటే.

వినడానికి వింతే.
మూడేళ్లుగా కంటి మీద కునుకు లేనివాడికి
మెలకువ మందా?
గాలికి తలుపు కొట్టుకుంటే
మంచం దిగి నిలబడిపోయేవాడికి ఉత్తేజమా?
పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టు కాదూ?
భార్య తూలా అడిగింది ఇదే, ఇంకాస్త కోపంగా.
డాక్టరు దగ్గర సూటి జవాబు లేదు.
"భయాన్ని చంపే మందు కాదిది.
భయాన్ని మాత్రమే చూస్తున్న చూపును
పక్కకు తిప్పుతుందేమోనని.
ఆ 'ఏమో' కోసమే ఈ పరీక్ష."

సగం మందికి మందు, సగం మందికి పిండి.
ఎవరికేదో
ఇచ్చే చేతికీ తెలీదు, మింగే గొంతుకూ తెలీదు.

కలలు సరే, అవి రాత్రి సంగతి.
పగలు ఇంకోటి:
సుత్తి పట్టుకుని గోడ ముందు నిలబడి
ఎందుకు తెచ్చానని వెతుక్కోవడం.
మనవరాలి కథలోకి ఎలుగుబంటి ఎప్పుడొచ్చిందో
తెలియకపోవడం.
మనసు ఎప్పుడూ అక్కడే,
గేటు లేని ఆ క్రాసింగులో,
ఫిబ్రవరి సాయంత్రం, నీలం ట్రక్కు.
నూట పది పెట్టెల బరువు
బ్రేకు మాట వినదు.

విచారణ నివేదిక నాలుగు పేజీలు,
వంటింటి సొరుగులో, రబ్బరు బ్యాండ్ల కింద.
మూడో వాక్యం దాటలేదు ఎన్నడూ,
అక్షరాలు కంకరరాళ్లలా జారిపోయేవి.
చదవకపోయినా తెలుసు, ఏముంటుందో.
కూత వెయ్యలేదని ఉంటుంది.
చెయ్యి కొయ్యబారిందని ఉంటుంది.
తన తీర్పు తనే రాసుకుని
రోజూ తనకే చదివి వినిపించుకున్నాడు.

ఏడో వారం.
ఆకలి చచ్చింది, నాలుక పిడచగట్టింది.
మంగళవారం పొద్దున స్క్రూడ్రైవరు వెతుకుతూ
ఆ కాగితాలు తీశాడు.
నిలబడే చదివాడు.
రెండో పేజీ. కాఫీ చల్లారింది.
మూడో పేజీలో, ఇంజనులోని నమోదు యంత్రం చెప్పిన మాట:
కూత మోగింది. ఇరవై రెండు సెకన్లు.
పొడుగు, పొడుగు, పొట్టి,
రోడ్డు దాటేదాకా వదలని పొడుగు.

మన ఛందస్సులో అయితే
గురువు, గురువు, లఘువు, గురువు.
ఆ నాలుగక్షరాలూ అతని చెయ్యి
తప్పు లేకుండా చదివింది.
చెవే వినలేదు.

విడుదల అనుకునేరు.
ట్రక్కు అలాగే వచ్చింది.
అందులో కుర్రాడు అలాగే ఉన్నాడు.
పైగా ఇప్పుడొక ప్రశ్న:
అంత కూత వినపడలేదా వాడికి?
లేక వినపడిందా?
నేరం లేచి వెళ్లిన కుర్చీలో
దుఃఖం వచ్చి కూర్చుంది, మొదటిసారి.

ఆ సాయంత్రం సౌనా గదిలో రాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ
ఏడ్చాడు.
బయట తూలా మెట్ల మీద మంచు ఊడుస్తోంది.
ఊడ్చిన మెట్టే మళ్లీ ఊడ్చింది.

గురువారం ఒడెట్ కాగితం తీసింది.
"మిమ్మల్ని మీరు నిందించుకోవడం?
సున్నా నుంచి నాలుగు లోపు?"
"నాలుగు" అన్నాడు, అలవాటు కొద్దీ.
"ఆగు. రెండు వెయ్యి."
కాసేపు కిటికీలోకి చూశాడు.
"వాడి కోసం బాధపడ్డం. అది కొత్తగా వచ్చింది.
దానికి గడి ఉందా నీ కాగితంలో?"

లేదు.
ఆమె అంచున చిన్నగా రాసుకుంది.
సీసా బోర్లించి
మిగిలిన క్యాప్సూల్స్ లెక్కపెట్టింది.
తొమ్మిది.
ఉండాల్సినవీ తొమ్మిదే.
మందో, పిండో.